చూసింది చూసినట్టు రాయడం

(బెంగళూరులో తెలుగు సంఘాల యువజనులు, సండే స్కూలు ఉపాధ్యాయులు కలుసుకున్న కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం "బడి సైన్సులో పరిశీలన అంటే ఏమిటి?" పాస్టరుగారిని పిలిచి సైన్సు గురించి మాట్లాడమన్నారేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అయితే ఈ ప్రశ్న సైన్సు టీచరుకు ఎంత అవసరమో సంఘానికీ అంతే అవసరమని సాయంత్రం బడి పిల్లలతో కూర్చున్న తర్వాత అర్థమైంది. ఎలా అర్థమైందో మొదట చెబుతాం. అందులో మా తప్పు కూడా ఉంది.

కొవ్వొత్తి ఎప్పుడు ఆరింది? నీళ్ళు ఎప్పుడు లేచాయి?

మేము ఉండే వైపు పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల పనులు జరుగుతున్నాయి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుండి పనికి వచ్చిన కుటుంబాలు అక్కడే రేకుల షెడ్లలో ఉంటాయి. వాళ్ళ పిల్లలకు మేము కొందరం కలిసి సాయంత్రం పూట రెండు గంటలు చదువు చెబుతున్నాం. ఒక రోజు ఏడో తరగతి పిల్లలకు కొవ్వొత్తి ప్రయోగం చూపించాం. మీరందరూ చిన్నప్పుడు చదివిందే. పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది. పళ్ళెంలోని నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి.

ఎందుకు ఎక్కాయి అంటే చాలా గైడ్లలో ఒకే జవాబు ఉంటుంది. గ్లాసులోని ఆక్సిజన్‌ను మంట వాడేసుకుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి, గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు కాబట్టి నీళ్ళు కూడా ఐదో వంతు ఎత్తుకు వచ్చాయి అని. మేమూ అదే చదువుకున్నాం, అదే చెప్పాం.

అప్పుడు కదిరి వైపు నుండి వచ్చిన ఒక అమ్మాయి చెయ్యెత్తి అడిగింది: "కొవ్వొత్తి ఆరిపోయినాక గదా అయ్యగారూ నీళ్ళు పైకి లేసినాయి? మండేటప్పుడు లేయలేదే."

మేము ఏమన్నామో తెలుసా? "పుస్తకంలో ఉన్నట్టు రాయమ్మా, లేకపోతే మార్కులు పోతాయి" అన్నాం. ఆ పిల్ల తల వంచుకుని రాసుకుంది.

ఆ రాత్రి మాకు నెమ్మది లేదు. మరుసటి రోజు ముందుగా వెళ్ళి, పిల్లలు రాకముందే మళ్ళీ చేసి చూశాం. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. కొవ్వొత్తి మండుతున్నంతసేపూ నీళ్ళు దాదాపు కదలలేదు. ఇంకో సంగతి కూడా కనిపించింది. గ్లాసు బోర్లించిన వెంటనే అంచు కింద నుండి బుడగలు బయటికి వచ్చాయి. మంట ఆరిన తర్వాతే నీళ్ళు గబగబా ఎక్కాయి. ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ నీళ్ళు ఎక్కేటట్టయితే మండుతుండగానే మెల్లమెల్లగా ఎక్కాలి కదా.

పిల్లలు వచ్చాక ఒక కొవ్వొత్తి బదులు మూడు వెలిగించి అదే గ్లాసు బోర్లించాం. నీళ్ళు మొదటిసారికన్నా పైకి వచ్చాయి. గ్లాసు అదే, అందులోని గాలీ అంతే. మరి నీళ్ళు ఎందుకు ఎక్కువ వచ్చాయి? జరిగేది ఇది. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. ఆ బుడగలు అవే. మంట ఆరగానే లోపల మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది. అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి నెడుతుంది. మంటలు ఎక్కువైతే వేడి ఎక్కువ, బయటికి పోయే గాలీ ఎక్కువ. ఆక్సిజన్ విషయానికొస్తే, అది పూర్తిగా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. పైగా అది మండిన చోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి తయారవుతాయి. ఐదో వంతు లెక్క కుదిరినట్టు కనిపించిందంటే అది కాకతాళీయం.

ఆ అమ్మాయిని పిలిచి అందరి ముందు క్షమాపణ అడిగాం. ఆమె పెద్దగా ఏమీ అనలేదు. "ముందే చెప్పినా గదా" అంది.

ఇందులో మేము నేర్చుకున్నది ఇది. మా కళ్ళు ఆమె కళ్ళకన్నా మసకవేమీ కాదు. జవాబు ముందే తెలుసు కాబట్టి మేము చూడలేదు. ఆమెకు తెలియదు కాబట్టి చూసింది. మన కాలేజీల్లో రికార్డు పుస్తకాలు ఎలా రాస్తామో మీకు చెప్పనక్కరలేదు. "పరిశీలన" అని ఉన్న చోట సీనియర్ రికార్డులోది దించేస్తాం. కొందరైతే ప్రయోగం చేయకముందే రాసేస్తారు. అంటే పదేళ్ళు సైన్సు చదివినా ఒక్కసారి కూడా చూసింది చూసినట్టు రాయకుండానే బయటికి రావచ్చు.

కొవ్వొత్తి చిన్న వస్తువని అనుకోకండి. 1860-61 శీతాకాలంలో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆరింటికీ అంశం ఒక్క కొవ్వొత్తే. ఆయన కమ్మరి కొడుకు. పద్నాలుగేళ్ళకే పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి చేరాడు. శాండెమేనియన్ అనే చిన్న క్రైస్తవ సంఘంలో పెద్దగా కూడా సేవ చేశాడు. పెద్ద చదువులు లేని ఆ పనివాడి బిడ్డ చూడటం నేర్చుకుని లోకానికి విద్యుత్తు మోటారు, జనరేటరు వెనుక ఉన్న సూత్రాలు చూపించాడు. షెడ్డులో ఉన్న మా పిల్లలకు ఈయన కథ తప్పకుండా చెబుతుంటాం.

బెంగళూరు తొట్టి, సికింద్రాబాదు దోమ

పరిశీలనకు మన భక్తి కూడా అడ్డు రాగలదు. దానికి ఉదాహరణ ఇదే బెంగళూరులో జరిగింది.

1883లో రొనాల్డ్ రాస్ అనే యువ సైనిక వైద్యుడు ఇక్కడి దండులో తాత్కాలిక సర్జన్‌గా పనిచేసేవాడు. ఆయన ఉన్న బంగళాలో దోమలు విపరీతం. మిగతా గదులకన్నా తన గదిలోనే ఎక్కువ ఉన్నాయని ఆయన గమనించాడు. కారణం వెదికితే కిటికీ బయట నీళ్ళ తొట్టి కనిపించింది. అందులో తోక ఆడిస్తూ తిరిగే పురుగులు, అంటే దోమ లార్వాలు నిండా ఉన్నాయి. తొట్టి బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి.

సంతోషంగా వెళ్ళి ఒక అధికారికి చెప్పాడు. తోటలోని తొట్లలో, భోజనాల బల్ల కింది డబ్బాల్లో, పూల కుండీల్లో నిలిచిన నీళ్ళను పారబోయిస్తే మొత్తం మెస్‌కే దోమల బాధ పోతుందన్నాడు. ఆ అధికారి ఒప్పుకోలేదు. అలా చేస్తే సృష్టి క్రమాన్ని చెరిపినట్టవుతుందనీ, దోమలను ఏదో ఉద్దేశంతోనే సృష్టించారు కాబట్టి వాటిని సహించడమే మన బాధ్యత అనీ అన్నాడట. ఈ సంగతి రాస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇది మనకు నవ్వు తెప్పించవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ అధికారి వాడింది మన భాషే. దేవుని ఉద్దేశం, సృష్టి క్రమం, సహనం. తొట్టిలోకి తొంగి చూడకుండా ఉండటానికి దేవుని పేరు ఉపయోగపడింది. "దేవుని చిత్తం" అని మనం అన్న ప్రతిసారీ తొట్టిలో చూసి అంటున్నామా, చూడకుండానే అంటున్నామా?

పద్నాలుగేళ్ళ తర్వాత అదే రాస్ మన సికింద్రాబాదులో ఉన్నాడు. మలేరియా దోమల వల్ల వస్తుందా అన్నది అప్పటి ప్రశ్న. ఆయన రెండేళ్ళుగా దోమలను కోసి మైక్రోస్కోపు కింద చూస్తూనే ఉన్నాడు. అంతవరకూ చూసినవి మలేరియాను మోసే జాతి కాదు. ఆగస్టు ఎండకు, ఉక్కకు నుదుటి చెమట పట్టి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. చివరికి రెక్కల మీద మచ్చలున్న ఒక రకం గోధుమరంగు దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించారు. 1897 ఆగస్టు 20న వాటిలో ఒక దోమ కడుపు గోడ మీద రాస్‌కు గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు ఉన్నాయి. మలేరియా రోగి రక్తంలో తాను అంతకుముందు చూసిన రేణువులే అవి. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండేళ్ళు ఏమీ కనబడకపోయినా "కనబడలేదు" అనే రాసుకున్న మనిషికి, కనబడిన రోజున గుర్తుపట్టే కన్ను వచ్చింది. కనబడనప్పుడు కనబడిందని రాసి ఉంటే అక్కడితో కథ ముగిసేది. పిల్లలు "మాకు రాలేదు సార్" అన్నప్పుడు మనం కోప్పడతాం. "రాలేదు" అనేది కూడా పరిశీలనే. దానికి కూడా మార్కులుండాలి.

అయితే ఆ గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. హుసేన్ ఖాన్. ఆయనకు ఇచ్చింది రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున. మన పిల్లలు రాస్ పేరు చదువుతారు, హుసేన్ ఖాన్ పేరు చదవరు. ఎవరి ఒంటి మీద ప్రయోగం జరిగింది, ఎవరికి పేరు వచ్చింది అనేది కూడా మనం గమనించాల్సిందే. పేదవాడి శరీరాన్ని చూసి, పేదవాణ్ణి చూడకపోవడం ఆస్పత్రిలోనూ ఉంది, ఆఫీసులోనూ ఉంది. దారిపక్కన పడి ఉన్న మనిషిని యాజకుడూ చూశాడు, లేవీయుడూ చూశాడు, సమరయుడూ చూశాడు. ముగ్గురికీ కళ్ళున్నాయి. దగ్గరికి వెళ్ళింది ఒక్కడే.

చూపు వచ్చిన మనిషి సాక్ష్యం

పరిశీలన గురించి బైబిల్లో ఒక పాఠం చెప్పమంటే మేము యోహాను సువార్త 9వ అధ్యాయం చెబుతాం. ఇంటికి వెళ్ళి ఈ రాత్రి మరోసారి చదవండి.

పుట్టుకతోనే చూపు లేని ఒక మనిషి దారిలో ఉన్నాడు. శిష్యులు అతణ్ణి చూశారు. చూడగానే అడిగిన ప్రశ్న ఏమిటి? పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని. వాళ్ళ ఎదుట ఉన్నది ఒక మనిషి. వాళ్ళకు కనిపించింది ఒక సిద్ధాంతం. చూసింది ఒకటి, అనుకున్నది ఒకటి. ఆ రెంటినీ వాళ్ళు ఒకటే అనుకున్నారు. యేసు ఆ అనుకోవడాన్ని ఒప్పుకోలేదు.

తర్వాత అతనికి చూపు వచ్చింది. ఇరుగుపొరుగువారు అడిగారు, పరిసయ్యులు అడిగారు, మళ్ళీ పిలిపించి అడిగారు. అతడు చెప్పిన జవాబులు గమనించండి. కళ్ళకు బురద పూశాడు, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు, కడుక్కున్నాను, చూస్తున్నాను. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆయన ఎక్కడున్నాడంటే తెలియదన్నాడు. ఆయన పాపియా అంటే అది తనకు తెలియదన్నాడు. తనకు తెలిసింది ఒక్కటే చెప్పాడు: అంతకుముందు చూపు లేదు, ఇప్పుడుంది. తెలిసింది తెలిసినంతే, తెలియంది తెలియదు అని చెప్పడం కంటే మంచి ప్రయోగ రికార్డు ఏముంటుంది? ఆ తర్వాతే అతడు ఆలోచనలోకి వెళ్ళాడు. ఇలాంటిది చేసినవాడు దేవుని యొద్దనుండి రాకపోతే ఎలా చేస్తాడని వాదించాడు. ముందు చూసింది చెప్పి, తర్వాత దాని నుండి ఒక నిర్ణయానికి వచ్చాడు. పరిసయ్యులు ఈ క్రమాన్ని తిరగేశారు. నిర్ణయం ముందే ఉంది కాబట్టి ఎదురుగా నిలబడిన మనిషిని చూడలేకపోయారు.

అతనికి దొరికిందేమిటి? వెలివేశారు. చూసింది చూసినట్టు చెప్పినందుకు మూల్యం చెల్లించాడు. మా సాయంత్రం బడి అమ్మాయికి కూడా మొదట దొరికింది అదే కదా, చిన్న ఎత్తున.

ముట్టుకోనివ్వని చోట పరిశీలన ఉండదు

పరిశీలన కళ్ళతోనే కాదు. ముట్టుకుని, వాసన చూసి, ఎత్తి చూసి, విని తెలుసుకుంటాం. అందుకే మన దేశంలో ఈ మాటకు ఇంకో బరువు ఉంది. అంబేడ్కర్ గారు చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. కొళాయి తాను ముట్టుకోకూడదు, ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్ళు. కొళాయే ముట్టుకోనివ్వని పిల్లవాడికి ప్రయోగ సామగ్రి ముట్టుకోనిస్తారా? ఈ రోజు అలా లేదంటారా? ముందు వరుస పిల్లలు ప్రయోగం చేస్తుంటే వెనక వరుస పిల్లలు మెడలు చాచి చూసే తరగతులు ఎన్ని లేవు! చివర్లో బీకర్లు కడగమని ఎవరిని పిలుస్తారో ఒకసారి గమనించండి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. ముట్టుకుని తెలుసుకున్నవాళ్ళ జ్ఞానాన్ని మనం జ్ఞానం అనలేదు. మన తాతల్లో చాలామంది తోళ్ళు ఊనినవారు. సున్నపు నీళ్ళలో తోలు ఎన్నాళ్ళు నానితే వెంట్రుక ఊడుతుందో, లందలో తంగేడు చెక్క ఎంత వెయ్యాలో, ఎప్పుడు తీయాలో వాళ్ళకు వేలికి తెలుసు, ముక్కుకు తెలుసు. సున్నం క్షారం, తంగేడు చెక్కలో టానిన్ ఉంటుంది, అది తోలులోని ప్రోటీన్‌ను పట్టుకుని కుళ్ళకుండా చేస్తుంది అని ఈ రోజు పుస్తకం చెబుతోంది. వాళ్ళు పుస్తకం లేకుండా తరతరాలుగా చూసి, సరిచూసుకుని నేర్చుకున్నారు. ఆ లంద దగ్గరికి రాని పెద్దలు దానికి మైల అని పేరు పెట్టారు. చూసినవాడు అజ్ఞాని, చూడనివాడు పండితుడు అయ్యాడు. మన పిల్లలకు "మీ ఇంట్లో సైన్సు లేదు" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

దీనికి మరో దారి ఉందని చూపించినవాళ్ళు కూడా ఉన్నారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. మొదలుపెట్టినవి రెండు సంస్థలు. ఒకటి కిశోర్ భారతి. రెండోది రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. ఇది క్వేకర్ క్రైస్తవులు నడిపిన సంస్థ. పిల్లలు జట్లుగా కూర్చుని తామే ప్రయోగం చేయాలి, తమకు వచ్చిందే రాయాలి, అందరి ఫలితాలూ కలిపి చర్చించాలి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ఆ కార్యక్రమం దాదాపు వెయ్యి బడులకు విస్తరించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఖరీదైన లేబొరేటరీ లేకుండా, మామూలు పల్లెటూరి బడిలో పేద పిల్లలు పరిశీలకులు కాగలరని ఆ ముప్పై ఏళ్ళు రుజువు చేశాయి.

మన ఇంటి సంగతి

ఇంతవరకూ బడి గురించి, ఊరి గురించి చెప్పాం. ఇప్పుడు మన సంఘం గురించి చెప్పకపోతే మేము కూడా తొట్టిలోకి చూడని ఆ అధికారి లాంటివాళ్ళమే.

1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణ ప్రాథమిక విధులను చేర్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించే, సంస్కరించే స్వభావాన్ని పెంపొందించుకోవడం అందులో ఒకటి. అదే సంవత్సరం బెంగళూరు విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా ఉన్న డాక్టర్ హెచ్. నరసింహయ్య మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. ఆయన భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరమ్ స్థాపించినవారు. చేతిలో బూడిద, ఉంగరాలు పుట్టిస్తామనే బాబాలను అందరి ముందు పరీక్షకు రమ్మని ఆయన అడిగితే మనవాళ్ళు చాలామంది చప్పట్లు కొడతారు. అదే ప్రశ్న మన స్వస్థత కూటాల గురించి అడిగితే?

మా సంఘంలో జరిగిందే చెబుతాం. ఒక సహోదరుడికి టీబీ వచ్చింది. మందులు మొదలుపెట్టారు, సంఘమంతా ప్రార్థన చేసింది. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. ఆదివారం వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించాం. "దేవుడు పూర్తిగా స్వస్థపరిచాడు" అన్నాడు. మేమందరం హల్లెలూయ అన్నాం. అతడు మాత్రలు ఆపేశాడు. కొన్ని నెలలకు మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. ఈసారి మరింత కష్టమైంది. దేవుని కృపవల్ల చికిత్స మళ్ళీ మొదలుపెట్టి కోలుకున్నాడు.

ఆ ఆదివారం మనం చూసిందేమిటి? దగ్గు తగ్గింది. అనుకున్నదేమిటి? జబ్బు పోయింది. మామూలు టీబీకి కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. మొదటి కొన్ని వారాల్లోనే ఒంట్లో తేలికవుతుంది గానీ క్రిములు అన్నీ చావవు. ఈ తేడా తెలియక కాదు, అడగడానికి భయపడి ఊరుకున్నాం. అడిగితే అవిశ్వాసం అనుకుంటారని. ఆ రోజు వేదిక మీద ఉన్నది మేమే. బాధ్యత మాదే.

ప్రార్థన వద్దని మేము అనడం లేదు. రోగుల కోసం ప్రార్థిస్తూనే ఉంటాం. కానీ పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం చెప్పవద్దనేది ఒకటుంది. అది కోర్టుకు మాత్రమే కాదు, వేదికకూ వర్తిస్తుంది. దేవుడు సత్యమైతే ఆయనకు మన అతిశయోక్తి అవసరం లేదు. చూపు వచ్చిన ఆ మనిషిలాగా "నాకు తెలిసింది ఇంత" అని చెప్పే సాక్ష్యం చాలు. ఇప్పుడు మా సంఘంలో స్వస్థత సాక్ష్యం చెప్పేవారిని ముందుగా ఒక్క మాట అడుగుతాం: "డాక్టరు ఏమన్నారు? మందులు వాడుతున్నారా?" మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. ఇప్పుడు అలవాటైంది.

షెడ్ల దగ్గర డ్రమ్ములు

చివరిగా, ఆ పిల్లల దగ్గరికే మళ్ళీ వెళదాం. కొవ్వొత్తి సంగతి తర్వాత ప్రతి పిల్లకూ ఒక నోటుపుస్తకం ఇచ్చాం. పేజీ మధ్యలో గీత గీసి ఎడమ పక్క "చూసింది" అని, కుడి పక్క "అనుకున్నది" అని రాసుకోమన్నాం. అంతకంటే సామగ్రి ఏమీ లేదు.

వానాకాలంలో షెడ్లలో డెంగీ జ్వరాలు వచ్చాయి. "ఆ జనం శుభ్రంగా ఉండరు, అందుకే" అని చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్ళు అన్నారు. పిల్లలను ఆ మాట గురించే చూడమన్నాం. వాళ్ళు పది రోజులు తిరిగి రాసుకొచ్చారు. ఎడమ పక్క ఉన్నవి ఇవి: మురికి కాలువలో కన్నా మంచినీళ్ళ డ్రమ్ముల్లోనే తోకపురుగులు ఎక్కువగా ఉన్నాయి. మూత ఉన్న డ్రమ్ముల్లో లేవు. చాలా డ్రమ్ములకు మూతలే లేవు. ట్యాంకరు ఒకసారి మూడు రోజులకు వచ్చింది, ఒకసారి ఆరు రోజులకు వచ్చింది. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అమ్మలు నీళ్ళు పారబోయడం లేదు. కొన్ని పురుగులను సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి పెట్టారు. ఎనిమిదో రోజున లోపల దోమలు ఎగురుతున్నాయి. వాటి కాళ్ళ మీద తెల్లటి పట్టీలున్నాయి. డెంగీని మోసే ఏడిస్ దోమకు ఉండే గుర్తు అదే. అది మురుగులో కాదు, మనం దాచుకునే మంచినీళ్ళలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది.

కుడి పక్క మా కదిరి అమ్మాయి రాసిన మాట: "నీళ్ళు దినామూ వస్తే డ్రమ్ము అక్కరలేదు."

అదీ పరిశీలన చేసే పని. "ఆ జనం శుభ్రంగా ఉండరు" అనే నింద పది రోజుల్లో "నీళ్ళు ఎందుకు సరిగ్గా రావు?" అనే ప్రశ్నగా మారింది. పిల్లల పట్టిక జతచేసి పని కాంట్రాక్టరుకు ఉత్తరం రాశాం. డ్రమ్ములకు మూతలు వచ్చాయి. ట్యాంకరు ఇంకా సరిగ్గా రావడం లేదు. రెండో ఉత్తరం రాశాం, వార్డు కార్యాలయానికి కూడా ఇచ్చాం. జవాబు కోసం చూస్తున్నాం. పిల్లలు ట్యాంకరు వచ్చిన తేదీలు రాస్తూనే ఉన్నారు. నూట నలభై ఏళ్ళకు పైగా కిందట ఈ ఊళ్ళోనే ఒకాయన తొట్టి బోర్లించాడని చెబితే, "మాది బోర్లిస్తే తాగడానికి ఏముంటాయి?" అని ఒక చిన్నవాడు అడిగాడు. ఆ ప్రశ్న రాస్‌కు తట్టి ఉండదు. ఆయన గదిలో నీళ్ళకు కరువు లేదు.

యువజనులారా, మీరు ఇక్కడినుండి వెళ్ళాక మూడు పనులు చేయమని అడుగుతున్నాం. మీ దగ్గరి ప్రభుత్వ బడికి నెలకు ఒక శనివారం వెళ్ళి, పిల్లల చేత ఒక ప్రయోగం వాళ్ళ చేతులతోనే చేయించండి. వచ్చింది వచ్చినట్టు రాయనివ్వండి. రాకపోతే రాలేదని రాయనివ్వండి. రెండోది, సండే స్కూల్లో పిల్ల ప్రశ్న అడిగితే "అలా అడగకూడదు" అనకండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. మూడోది, ఎవరి గురించైనా "ఆ జనం అంతే" అనే మాట మీ నోటికి వచ్చినప్పుడు ఆగి, మీ పుస్తకంలో ఎడమ పక్క ఏముందో చూసుకోండి. అక్కడ ఖాళీగా ఉంటే కుడి పక్క రాయకండి.

మార్కులు పోతాయని మేము ఒక బిడ్డ చేత చూసింది కొట్టివేయించాం. మరుసటి రోజు మళ్ళీ రాయనిచ్చాం. మీ దగ్గర అలా కొట్టివేయించిన మాట ఏదైనా ఉంటే, రేపే వెళ్ళి మళ్ళీ రాయనివ్వండి. చూసేందుకు కళ్ళు, చూసింది చెప్పేందుకు ధైర్యం దేవుడు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.